మా ఆయన రిపోర్టులో ‘జన్యువు’ అని ఉంది... మా అమ్మాయి పెళ్ళికి అది అడ్డమా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఆయనకు 51 ఏళ్ళు. బట్టల కొట్టు నడుపుతారు. పోయిన ఏడాది హెర్నియా ఆపరేషన్‌కని వెళితే, ముందుగా చేసిన రక్తపరీక్షలో తెల్లకణాలు లక్షా నలభై వేలు దాటాయన్నారు. ప్లీహం వాచిందన్నారు. హైదరాబాదులో పరీక్షలు చేయిస్తే సీఎంఎల్ అనే రక్త కాన్సర్ అని తేలింది. రిపోర్టులో ‘బీసీఆర్-ఏబీఎల్1 జన్యువు పాజిటివ్’ అని ఉంది. రోజుకొక ఇమాటినిబ్ 400 మాత్ర రాశారు. పది నెలలైంది. కౌంట్ మామూలుకొచ్చింది, మనిషీ బాగున్నారు.

మా అమ్మాయికి 24 ఏళ్ళు. మా పెద్దాడపడుచు కొడుక్కి ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. రిపోర్టు సంగతి తెలిశాక మా వదినగారు ‘జన్యువు జబ్బంట, రేపు పుట్టే పిల్లలకు వస్తే?’ అని వెనకాడుతున్నారు. అమ్మాయికి అదే పరీక్ష చేయించి, లేదని కాగితం చూపిస్తేనే ముహూర్తం అంటున్నారు. చేయించమంటారా? అసలీ ఏబీఎల్1 ఏమిటి? పక్కనే ‘టైరోసిన్ కైనేజ్’ అని కూడా రాశారు. ఇంకో సంగతి. కళ్ళ కింద ఉబ్బుతోందని, పిక్కలు పట్టేస్తున్నాయని, ఒళ్ళు తెల్లబడుతోందని ఆయన మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట. నాకు మొన్ననే తెలిసింది. అడిగితే ‘జబ్బు తగ్గిందిగా, అయినా ఇది అసలు కంపెనీ మందు కాదు, ఇక్కడ చేసిందే’ అంటున్నారు.
— ఒక సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది పెళ్ళి మాట కాదు. చివర్లో మీరు ఇంకో సంగతి అంటూ రాసిన ‘రోజు విడిచి రోజు’. దాని దగ్గరికి వస్తాను. కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది అమ్మాయి విషయం కాబట్టి ముందు అదే చెబుతాను.

అమ్మాయికి ఆ పరీక్ష అక్కర్లేదు. చేయించకండి. మీ ఆయనకున్న ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి ఆయనకు రాలేదు, ఆయన నుంచి పిల్లలకు పోదు. ‘జన్యువు’ అన్న మాట వినగానే మనకు వంశం గుర్తొస్తుంది. ఆ మాటకు ఆ వాసన అంటుకుపోయింది. నిజానికి ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. పుట్టాక ఏ వయసులోనైనా, ఏదో ఒక కణంలో అవి దెబ్బతినవచ్చు. ఆ దెబ్బ ఆ కణానిది, దాన్నుంచి పుట్టుకొచ్చే కణాలది. మిగతా ఒంటికి దానితో సంబంధం లేదు. మీ ఆయన విషయంలో జరిగింది ఎముక మూలుగలోని ఒకే ఒక్క కణంలో. పిల్లలకు వెళ్ళేది బీజకణాల్లో ఉన్న జన్యువులే కానీ, మూలుగ కణాల్లోవి కాదు. ఆయన బీజకణాల్లో ఈ మార్పు లేదు.

కొట్టు భాషలో చెబితే మీ ఆయనకూ తెలుస్తుంది. మన కణాల్లో 23 జతల క్రోమోజోములుంటాయి. 23 జతల తానులనుకోండి. తొమ్మిదో తాను చివర ఏబీఎల్1 అనే జన్యువు ఉంది, ఇరవై రెండో తానులో బీసీఆర్ అనే జన్యువు ఉంది. ఒక రోజు, ఎందుకో తెలియకుండా, ఒక కణంలో ఈ రెండు తానులూ చిరిగాయి. చిరిగిన వాటిని అతికించే ఏర్పాటు కణంలోనే ఉంటుంది. కాకపోతే ఈసారి ముక్కలు మారిపోయాయి. తొమ్మిదోదాని కొస వచ్చి ఇరవై రెండోదానికి, ఇరవై రెండోదాని కొస పోయి తొమ్మిదోదానికి కుట్టుపడ్డాయి. ఆ కుట్టు దగ్గర బీసీఆర్ ముందు సగం, ఏబీఎల్1 వెనక సగం కలిసి లేని జన్యువొకటి తయారైంది. రిపోర్టులో రెండు పేర్ల మధ్య ఉన్న అడ్డగీత ఆ కుట్టే. ‘టి(9;22)’ అని కూడా ఎక్కడో రాసి ఉంటారు, అదీ ఇదే.

ఎందుకు చిరిగాయి? అణుబాంబు పడ్డ హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడ్డవారిలో ఈ జబ్బు మామూలు కన్నా ఎక్కువగా కనిపించింది కాబట్టి, ఎక్కువ మోతాదు రేడియేషన్ ఒక కారణమని చెప్పగలం. మిగతా చాలామందిలో కారణమంటూ చూపించడానికేమీ ఉండదు. ఆయన తిన్నదో, మీరు వండిందో, ఎవరి దిష్టో కాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి సీఎంఎల్ వస్తే రెండోవారికి ఆ కుట్టు కనిపించకపోవడం వైద్యులు గమనించారు. ఒకే జన్యువులతో పుట్టినవాళ్ళలోనే ఇలా ఉంటే, ఇక కూతురి మాటేమిటి?

పరీక్ష చేయించవద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మరీ సున్నితమైన పద్ధతులతో వెతికితే, ఏ జబ్బూ లేని కొందరి రక్తంలోనూ ఈ కుట్టు జాడ రవ్వంత కనబడుతుందని 1990లలోనే తేలింది. వాళ్ళకు సీఎంఎల్ వచ్చేస్తుందని కాదు, అలాంటి కణాలు వాటంతటవే సమసిపోతాయి. కానీ మీ అమ్మాయి కాగితంలో అలాంటి రవ్వ కనిపిస్తే, అది ఏమీ కాదని మీ వదినగారికి ఎవరు నచ్చజెప్పాలి? అక్కర్లేని పరీక్షకు అక్కర్లేని జవాబే వస్తుంది.

ఒక మాట దాచకుండా చెబుతాను, ఎవరైనా ఫోన్లో వెతికి మీ ముందు పెడతారేమో. ఏబీఎల్1లో పుట్టుకతో వచ్చే మార్పులు అసలు లేకపోలేదు. చాలా అరుదు. 2017లో కొన్ని కుటుంబాల్లో వర్ణించారు. వాటితో వచ్చేవి గుండె, ఎముకల లోపాలు, అవి చిన్నప్పుడే కనిపిస్తాయి. మీ ఆయన రిపోర్టులోనిది అది కాదు. పేరొక్కటే కలిసింది.

ఇక ఈ ఏబీఎల్1 ఏమిటన్నారు. ఇది చెప్పడమంటే నాకు సరదా. నేను రక్తజబ్బుల డాక్టర్ని కాను, మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడితే సహించండి.

ఏబీఎల్1 జబ్బు జన్యువు కాదు. మీకుంది, నాకుంది, మీ వదినగారికీ ఉంది. తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి, ప్రతి కణంలో రెండేసి. అది లేకపోతే కణానికి కుదరదు. కణం తన ఆకారం మార్చుకోవడానికి, పక్కదాన్ని పట్టుకుని ఉండటానికి, లోపల డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు సంగతి తెలుసుకోవడానికి ఆ జన్యువు తయారుచేయించే ప్రొటీను పనికొస్తుంది. ఆ ప్రొటీను ఒక ఎంజైము. కైనేజ్ అనే జాతికి చెందింది. ఆ జాతి చేసే పని ఒక్కటే: ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేటును తుంచి, ఇంకో ప్రొటీను మీద అంటించడం. బొట్టు పెట్టి పేరంటానికి పిలిచినట్టన్నమాట. బొట్టు పడ్డ ప్రొటీను లేచి తన పని మొదలుపెడుతుంది. మనిషి జన్యువుల్లో ఇలాంటి కైనేజ్‌లను లెక్కపెడితే 518 తేలాయి. వాటిలో తొంభై దాకా ఆ ఫాస్ఫేటును టైరోసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీను దండలో ఒక పూస) మీదే అంటిస్తాయి. అందుకే మీ రిపోర్టులో ‘టైరోసిన్ కైనేజ్’ అని ఉంది.

ఆ ఏటీపీ సంగతి వచ్చింది కాబట్టి... కండరాల్లో దాన్ని మొదట పట్టుకున్నవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఫిస్కే, సుబ్బారావు అంతకుముందే, 1925లో, ఒక పద్ధతి ఇచ్చారు. ముప్పై ఏళ్ళు నేను పిల్లల చేత ల్యాబులో ఆ నీలిరంగు వచ్చే ప్రయోగం చేయించాను. రికార్డులో ‘ఫిస్కే-సుబ్బారో పద్ధతి’ అని రాసి సంతకం పెట్టించుకునేవాళ్ళే తప్ప, ఆ సుబ్బారో ఎవరని అడిగినవాళ్ళు తక్కువ. తరవాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947-48లో పిల్లల రక్త కాన్సర్‌ను, కొద్దికాలమే అయినా, మొదటిసారి వెనక్కి తగ్గించగలిగాడు. మీ ఆయన మింగే మాత్ర దూరేది కూడా, చూడండి, ఏటీపీ వచ్చి కూర్చునే గుంటలోకే. సుబ్బారావుకు ఇదంతా తెలిసే అవకాశం లేదు, 1948లోనే పోయారు.

మామూలు ఏబీఎల్1 ఎప్పుడూ పని చేస్తూ ఉండదు. ఎక్కువసేపు ముడుచుకుని, తన కొసను తన వీపులోనే ఉన్న ఒక గుంటలో దోపుకుని పడుకుంటుంది. పిలుపు వస్తే లేచి నాలుగు బొట్లు పెట్టి మళ్ళీ పడుకుంటుంది. బీసీఆర్‌తో కుట్టు పడ్డప్పుడు పోయిందేమిటంటే సరిగ్గా ఆ కొసే. దోపుకోవడానికి ఏమీ లేదు. పైగా బీసీఆర్ ముక్కకు నాలుగేసి కలిసి గుంపుకట్టే గుణం ఉంది. గుంపుకట్టినవి ఒకదానికొకటి బొట్లు పెట్టుకుని, ఇక పడుకోవు. ఆ కణం ‘పెరుగు, చీలు, చావకు’ అన్న మాటలు రాత్రీ పగలూ వింటూ ఉంటుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. కొన్నేళ్ళకు హెర్నియా ఆపరేషన్ ముందు చేసిన పరీక్షలో లక్షా నలభై వేలుగా బయటపడతాయి.

దీన్ని పట్టుకోవడానికి మనుషులు పడ్డ పాట్లు మీ ఆయనకు చెప్పండి, వింటారు. 1960లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బువాళ్ళ కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమును చూశారు. నోవెల్ స్లయిడును పంపునీళ్ళతో కడిగితే కణాలు ఉబ్బి లోపలి క్రోమోజోములు విడివిడిగా కనిపించాయని చెబుతారు. పొట్టిదైంది సరే, తెగిన ముక్క ఎటుపోయింది? పదమూడేళ్ళు జవాబు లేదు. షికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ క్రోమోజోముల ఫొటోలను కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద పరుచుకుని చూసేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు వెక్కిరించేవారట. ఆ ముక్క తొమ్మిదోదాని కొసన ఉందని 1973లో ఆమే చెప్పింది. ఏబీఎల్ అన్న పేరు మటుకు ఎలుకల నుంచి వచ్చింది. ఎలుకల్లో రక్త కాన్సర్ తెచ్చే ఒక వైరస్‌ను 1970లో వర్ణించిన హెర్బర్ట్ ఏబెల్సన్ ఇంటిపేరులోని మొదటి అక్షరాలవి. ఆ వైరస్ ఎత్తుకుపోయిన జన్యువుకు మనిషిలోని సాటే మన ఏబీఎల్1.

ఇక మందు. పడుకోని ఎంజైమును పడుకోబెట్టాలంటే దాని చేతికి ఏటీపీ అందకుండా చేస్తే చాలు. ఐదువందల కైనేజ్‌లూ ఏటీపీనే వాడతాయి కాబట్టి ఒక్కదాన్నే ఆపడం కుదరదని చాలామంది అనుకునేవారు. స్విట్జర్లాండ్ కంపెనీలో నికొలస్ లిడన్ బృందం చేసిన అణువుల్లో ఒకదాన్ని ఓరెగాన్‌లోని బ్రయాన్ డ్రూకర్ పట్టుకుని వదల్లేదు. 1998 జూన్‌లో మొదటి మనిషికి ఇచ్చారు. 2001 మేలో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. అదే ఇమాటినిబ్. ఆ మొదటి పరీక్షలో రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం కౌంట్ మామూలుకొచ్చింది. దాని ముందుదాకా ఈ జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ సూదులో, మూలుగ మార్పిడో దిక్కు. నేను చదువుకునే రోజుల్లో సీఎంఎల్ అంటే నాలుగైదేళ్ళని చెప్పేవారు. పెద్ద పరీక్షలో ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవారిలో పదేళ్ళకు నూటికి 83 మంది బతికే ఉన్నారు.

కానీ అమ్మా, ఆ 53 మంది లెక్కలోనే మీ ఆయన పడ్డ పొరపాటు కూడా ఉంది. కౌంట్ మామూలుకు రావడం దాదాపు అందరికీ జరిగే మొదటి మెట్టు. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో ఉండే చెడ్డ కణాలు సుమారు లక్ష కోట్లని అంచనా. వాటిని వెయ్యో వంతుకు తగ్గించినా వంద కోట్లు మిగులుతాయి. మామూలు రక్తపరీక్ష వాటిని చూడలేదు. మూడు నెలలకోసారి చేసే పీసీఆర్ పరీక్ష, అంటే రక్తంలో ఆ కుట్టు జన్యువు జాడ ఎంతుందో కొలిచేది, చూస్తుంది. అందులో వచ్చే శాతం మూడు నెలలకు 10కి, ఆరు నెలలకు 1కి, ఏడాదికి 0.1కి దిగాలి. మీ ఆయనది ఎంతుందో మీరు రాయలేదు. రాయలేదంటే ఆ కాగితం ఇంట్లో ఎవరూ చదవలేదని నా అనుమానం. తీసి చూడండి.

మాత్ర మానితే ఏమవుతుందో కొలిచినవాళ్ళున్నారు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రివాళ్ళు 87 మందికి ఇమాటినిబ్ డబ్బాలిచ్చి, డబ్బా మూతలో చిన్న చిప్ పెట్టారు. మూత ఎప్పుడు తీశారో అది రాసుకుంటుంది. 2010లో లెక్క బయటపెట్టారు. పదిటిలో తొమ్మిదికి మించి మాత్రలు వేసుకున్నవారిలో ఆరేళ్ళకు నూటికి 94 మంది ఆ 0.1 మెట్టుకు చేరారు. అంతకు తక్కువ వేసుకున్నవారిలో 28 మందే. తొమ్మిది వేసుకుంటేనే ఇలా ఉంది, మీ ఆయన వేసుకుంటున్నది ఐదు.

సగం మందు వేసుకోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఎంజైము పూర్తిగా పడుకోదు, పూర్తిగా లేవదు. కణాలు చీలుతూనే ఉంటాయి, చీలేటప్పుడు అచ్చుతప్పులు పడుతూనే ఉంటాయి. ఎప్పుడో ఒక అచ్చుతప్పు సరిగ్గా ఆ గుంట వాకిట్లో పడుతుంది. ప్రొటీను దండలో 315వ స్థానంలో త్రియోనిన్ అనే పూస పోయి ఐసోల్యూసిన్ అనే పూస వస్తే చాలు, మాత్ర లోపలికి దూరలేదు. దాన్ని ‘టీ315ఐ’ అంటారు. అప్పుడు ఇమాటినిబ్ ఎంత మింగినా ప్రయోజనం లేదు, దాని తరవాత వచ్చిన డాసటినిబ్, నిలోటినిబ్ మందులు కూడా పనిచేయవు. పొనాటినిబ్, అసిమినిబ్ లాంటి వాటికి వెళ్ళాలి. ఈ అసిమినిబ్ గమ్మత్తైనది. ఏబీఎల్1 తన కొసను దోపుకునే ఆ గుంట చెప్పానే, ఇది ఏటీపీ జోలికి పోకుండా ఆ గుంటలోనే దూరి కూర్చుంటుంది, పోయిన కొసకు బదులుగా. చదివినప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ వాటి ధరలు వేరు. ఆ దారి పట్టకుండా చూసుకోవడం మీ చేతిలో ఉన్నప్పుడే చూసుకోండి.

ఆయన కష్టాలు అబద్ధమని అనను. ఇమాటినిబ్ ఏబీఎల్1తో పాటు ఇంకొన్ని కైనేజ్‌లను కూడా తాకుతుంది. వాటిలో ‘కిట్’ అనేది చర్మానికి రంగునిచ్చే కణాలకు అవసరం. అందుకే ఒళ్ళు తెల్లబడుతుంది. మనలాంటి చామనఛాయ వాళ్ళలో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చూసినవాళ్ళు బొల్లి అంటారు. బొల్లి కాదు, హాని లేదు. పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు ఈ మందుతో చాలామందికి ఉండేదే. ఉప్పు తగ్గించమనండి, ఊరగాయ ముఖ్యంగా. మాత్ర పరగడుపున వద్దు, బాగా భోంచేశాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. పిక్కలు పట్టేయడానికి డాక్టరు రక్తంలో కాల్షియం, మెగ్నీషియం చూసి ఏదైనా ఇవ్వగలరు. అయితే నాలుగైదు రోజుల్లో బరువు ఉన్నట్టుండి పెరిగినా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినవద్దనండి, మందు ఒంట్లో మోతాదు మించుతుంది. టీబీకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కిచ్చే ఫెనిటోయిన్ దీనికి ఎదురు పనిచేసి మందును ఒంట్లోంచి తొందరగా పంపేస్తాయి. ఏ డాక్టరు ఏ మందు రాసినా ఈ మాత్ర సంగతి ముందు చెప్పాలి.

జీవితాంతం వేసుకోవాలా అని ఆయన అడుగుతారు. అక్కర్లేనివారూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో వంద మందికి, రెండేళ్ళకు పైగా పీసీఆర్‌లో కూడా ఏమీ కనిపించనివారికి, డాక్టర్ల కళ్ళముందే మందు ఆపి చూశారు. నలభై మంది దాకా మందు లేకుండానే ఉండగలిగారు. తిరగబెట్టినవారిలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే తిరగబెట్టింది, మళ్ళీ మందు మొదలుపెడితే లొంగింది. కాబట్టి మానే రోజు ఆయనకూ రావచ్చు. ఆ రోజుకు చేరాలంటే ముందు కొన్నేళ్ళు రోజూ వేసుకోవాలి, ఆపినప్పుడు నెలనెలా పరీక్ష ఉండాలి. ఇప్పుడాయన చేస్తున్నది అది కాదు.

‘అసలు కంపెనీ మందు కాదు’ అన్నారట. ఆ మాటకు నాకు కొంచెం కోపమే వచ్చింది. ఈ మాత్ర మన దేశానికొచ్చిన కొత్తలో స్విస్ కంపెనీ దాన్ని అమ్మిన ధర నెలకు లక్షా ఇరవై వేల రూపాయలు. 2003లో హైదరాబాదులోని నాట్కో అదే మందును వీనాట్ పేరుతో తెచ్చింది. అప్పట్లో మన కంపెనీల ధర నెలకు ఎనిమిది పది వేలు. స్విస్ కంపెనీ ఇమాటినిబ్ తాలూకు ఒక స్ఫటిక రూపానికి పేటెంటు కావాలంది. 2006లో చెన్నై పేటెంటు ఆఫీసు కాదంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2013 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది: కొత్త రూపమైతే కావచ్చు, రోగికి అంతకుముందున్న దానికన్నా ఎక్కువ గుణం చూపలేదు కాబట్టి, మన పేటెంటు చట్టం 3(డి) ప్రకారం పేటెంటు లేదు. మీ ఆయన చేతిలోని స్ట్రిప్పు ఇప్పుడు ఎనిమిది వేలు కూడా కాదంటే కారణం అది. లోపలి అణువు అదే, దూరే గుంట అదే. నమ్మకం కావాలంటే పీసీఆర్ శాతం తగ్గుతోందా లేదా చూడండి, రోజూ వేసుకున్నాక. ఖర్చు భారమైతే ఎన్టీఆర్ వైద్య సేవలో వర్తిస్తుందేమో ఆస్పత్రిలో అడగండి.

రేపు చేయాల్సింది ఇది. మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, పాత రిపోర్టులన్నీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రోజు విడిచి రోజు వేసుకున్న సంగతి ఆయన నోటితోనే చెప్పించండి, ఎప్పటి నుంచో కూడా. ఆయన మొహమాటపడితే మీరు చెప్పండి. ఎందుకంటే పీసీఆర్ శాతం తగ్గనట్టు కనిపిస్తే, రోజూ వేసుకుంటున్నాడనుకున్న డాక్టరు మందే పనిచేయడం లేదనుకుని, రెండో వరస మందుకు మారుస్తారు. ఇంట్లో దాచిన ఆ నిజం మంచి మందును ఓడిపోయిన మందుల లెక్కలో వేయిస్తుంది. దుష్ఫలితాలు భరించలేకపోతే మోతాదు సర్దడమో, మందు మార్చడమో డాక్టరు చేతిలో పని. ఆయన సొంతంగా చేసుకోవాల్సింది కాదు.

ఇక మీ వదినగారు. ఆమె మీద విసుక్కోకండి, భయం ఎవరికైనా భయమే. కానీ ఆమె మాటలో ఒక తమాషా ఉంది. ఒకవేళ ఈ జబ్బు నిజంగా వంశంలో నడిచేదే అయితే, ఆమె మీ ఆయనకు తోడబుట్టిన అక్క. అదే రక్తం ఆమెలోనూ, ఆమె కొడుకులోనూ ఉండాలి. అమ్మాయిని మాత్రమే పరీక్షకు పంపడం ఏ లెక్కన న్యాయం?

పైగా జన్యువుల మాట నిజంగా ఎత్తాల్సిన చోటు ఈ పెళ్ళిలో ఇంకోటుంది. అది మేనరికం. మేనత్త కొడుకూ, మేనమామ కూతురూ తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకే తాత, అమ్మమ్మల నుంచి పంచుకుంటారు. మనందరిలోనూ బయటపడకుండా దాక్కున్న లోపాలు కొన్ని ఉంటాయి. ఒకే లోపం ఇద్దరిలోనూ ఉంటే పిల్లల్లో బయటపడుతుంది. మామూలుగా నూటికి రెండు మూడు కాన్పుల్లో కనిపించే పుట్టుక లోపాలు దగ్గరి మేనరికాల్లో దాదాపు రెట్టింపవుతాయి. ఎక్కువ మందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు, కాబట్టి పెళ్ళి మానుకోమని నేను చెప్పను, అది మీ ఇంటి మాట. రెండు వైపులా బంధువుల్లో పుట్టు చెవుడు గానీ, చిన్నప్పుడే పోయిన పిల్లలు గానీ, పదే పదే రక్తం ఎక్కించుకున్నవాళ్ళు గానీ ఉన్నారేమో పెద్దవాళ్ళను అడిగి, జన్యు సలహా ఇచ్చే డాక్టరును పెళ్ళికి ముందే ఒకసారి కలవండి.

మీ వదినగారికి కాగితం కావాలంటే కాగితమే ఇద్దాం. తలసీమియా (వంశంలో నడిచే ఒక రక్తహీనత జబ్బు) పరీక్ష చేయించండి. మామూలు రక్తంతోనే, హెచ్‌బీఏ2 ఎంతుందో చూస్తారు. ఆ లోపాన్ని మోస్తున్నవాళ్ళు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరూ మోస్తున్నవాళ్ళైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరు మోస్తే ఆ భయం లేదు. అందుకని ఇక్కడ ఒక్కరి కాగితంతో పని జరగదు. అమ్మాయిది మీరు చూపించండి, వాళ్ళబ్బాయిది ఆమెను చూపించమనండి.